బల్ల మీద ఉంది

తొంభై రోజులూ అయిపోయాయి.
రెండేళ్లకోసారి కూర్చునే సభ
మొన్న అర్ధరాత్రి దాటాక లేచింది.

మా సభ్యుడు లైల్ హౌగన్ తెల్లారేసరికి
ఆర్డిస్ హోటల్లో ఉన్నాడు,
మూడు వందల మైళ్లు రాత్రంతా నడిపిన కళ్లతో.
అతని గుడ్లు వచ్చేదాకా ఎవరం ఏమీ అడగలేదు.
ఆకలి మీదున్న మనిషిని నిలదీయరు
మా మోంటానా మైదానాల్లో.

"బల్ల మీద పెట్టారు" అన్నాడు చివరికి,
పచ్చసొన మీద ఉప్పు చల్లుకుంటూ.

పక్క బల్ల తుడుస్తున్న ఆర్డిస్ చెయ్యి ఆగింది.
"బల్ల మీద పెడితే వడ్డించినట్టేగా?"

కాదట.
అక్కడి బల్ల వేరట.
దాని మీద పెట్టింది ఎవరూ తినరు,
ఎవరూ తియ్యరు,
పారేశామని కూడా ఎవరూ చెప్పరు.

నవంబరులో ఇదే హోటల్లో
బల్ల గుద్ది చెప్పాడు లైల్,
వంతెన వేయించి తీరతానని.
ఆ గుద్దుకు ఒలికిన కాఫీ మరక
కిటికీ పక్కన ఇంకా ఉంది.
అబద్ధమాడాడని నేననను.
ఫిబ్రవరిలో, ఊపిరి మీసం మీదే గడ్డకట్టే చలిలో
సాక్ష్యానికి నన్ను రాజధానికి తీసుకెళ్లింది అతనే.

రెండు నిమిషాలిచ్చారు.
బస్సు బరువు చెప్పాను.
వంతెన మోయగలిగింది చెప్పాను.
పిల్లల పేర్లు మొదలుపెట్టేసరికి ఎర్రలైటు వెలిగింది.
పదకొండు మందిలో నలుగురు సభ రికార్డులోకెక్కారు.
ఏడుగురు నా నోట్లోనే ఉండిపోయారు.

నెగ్గినవి లేవని కాదు.
లైల్ జేబులోంచి కాగితం తీసి చదివాడు.
ఇంటిపన్ను కొంత వాపసు, ఆగస్టులో చెక్కు
(టోర్వాల్డ్ లెక్కకట్టాడు, ట్రాక్టరు టైరులో సగం).
గోధుమ గిడ్డంగుల తనిఖీకి కొత్త ఆఫీసరు,
రాజధానిలోనే ఉంటాడు.
చోక్‌చెర్రీ జామ్‌కు రాష్ట్ర గౌరవం.
ఇది మాత్రం ఏకగ్రీవం,
అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారట.

ఆర్డిస్ ఏమీ అనలేదు.
లోపలికెళ్లి జామ్ సీసా తెచ్చి
అతని కంచం పక్కన పెట్టింది.

ఇవాళ ఏడూ ఇరవైకి
రోజూలాగే వంతెన ముందు బస్సు ఆపాను.
రోజూలాగే పిల్లలు దిగారు.
పెద్దది డెలేనీ, చిన్నవాడు బ్రిగర్ చెయ్యి పట్టుకుంది.
ముందు వాళ్లు నడుస్తారు.
అవతలి ఒడ్డు చేరాక ఖాళీ బస్సు నేను దాటిస్తాను,
తలుపు తెరిచి,
సీటుబెల్టు విప్పేసి.
ఇది ఏ చట్టంలోనూ లేదు, మా ఆవిడ పెట్టిన రూలు.

కింద పేరుకు పాలనది,
రంగు ఆర్డిస్ కాఫీ.
కరిగిన మంచంతా ఒడ్డును ఒరుసుకుంటూ పోతోంది.

పిల్లలు సగం దాటాక చూశాను కొత్త బోర్డు.
నిన్న సాయంత్రం పాతి వెళ్లినట్టున్నారు,
మట్టి ఇంకా తడిగానే ఉంది.
పాతదాని మీద ఆరు టన్నులు.
దీని మీద ఐదు.
ఖాళీ బస్సు ఐదున్నర.

నేను కాక.

అవతల పదకొండు మంది నిలబడి
బస్సు కదలకపోవడం చూస్తున్నారు.
చుట్టూ తిరిగి వెళ్తే నలభై ఒక్క మైళ్లు.
లైల్‌కు ఫోన్ చేశాను.
రాత్రి చొక్కా మీద కోటు తగిలించుకుని
పికప్‌లో వచ్చాడు, సభ బ్యాడ్జీ ఇంకా కోటుకే ఉంది.
ఐదుగురిని ఎక్కించుకున్నాడు.
మిగతావాళ్లు రాళ్ల మీద కూర్చున్నారు.
అతను చెయ్యి ఊపాడు అటునుంచి.
నేనూ ఊపాను.
ఇంకేం చెయ్యను?

మళ్లీ సభ కూర్చునేది వచ్చే జనవరి కాదు,
ఆ పై జనవరి.
అప్పటికి వీళ్లంతా ఇంకాస్త బరువెక్కుతారు.

బ్రిగర్ టిఫిన్ డబ్బా మూడో సీట్లోనే మర్చిపోయాడు.
డెలేనీ అరుస్తున్నా వినకుండా
ఒక్కడే వెనక్కి పరిగెత్తుకొస్తున్నాడు,
నలభై పౌన్లుంటాడేమో,
వాడి కాళ్లకింద ఒక్కో పలకా
విడివిడిగా చప్పుడవుతోంది.